పాత లేత్ పాత ఇనుము కాదు

కొత్త లేత్ మిషన్‌కు బేరం అడుగుల్లో సాగుతుంది. ఆరడుగులదా, ఎనిమిదడుగులదా, చక్ ఎంతది, మోటారు ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతారు. పాత లేత్ దగ్గరికి వచ్చేసరికి అదే బేరం కిలోల్లోకి దిగిపోతుంది. మిల్లు మూతబడి సామాను వేలానికి వచ్చినా, టర్నర్‌కు వయసు మీదపడి షెడ్డు ఖాళీ చేసినా, ఆ యంత్రం చివరికి పాత ఇనుము కొట్టు కాటా ఎక్కుతోంది. రాజమహేంద్రవరం, తణుకు, భీమవరం, పాలకొల్లు, మండపేట, అమలాపురం, ఎక్కడ చూసినా ముందు రేకుల షెడ్డు, వెనక కాపురం అన్నట్టుండే చిన్నచిన్న ఇంజనీరింగ్ వర్క్స్‌లే డెల్టాలో మరమ్మతు పనికి ఆధారం. వాటిలోని పాత లేత్‌ను అక్కడే, ఆ ఇంటి షెడ్డులోనే బాగుచేసి, ఇవాళ్టి విద్యుత్ పరికరాలు అమర్చి మరో తరం వాడుకోవచ్చని, వాడుకోవాలని నా వాదన. పాత సామాను మీద మమకారంతో అంటున్న మాట కాదిది. ఆ యంత్రంలో అరిగేదేమిటి, అరగనిదేమిటి అని లెక్క చూసి అంటున్న మాట.

గోదావరి డెల్టాను తలచుకోగానే మనకు నీళ్లూ, వరీ, కొబ్బరీ గుర్తొస్తాయి. ఇనుప పని గుర్తుకు రాదు. కానీ ఈ నేలను మార్చిన ఆనకట్ట వెనక ఒక ఇనుప పనిశాల ఉంది. 1847లో బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ పనుల కోసమే ధవళేశ్వరంలో వర్క్‌షాపులు వెలిశాయి. ఆనకట్ట రాయితో, సున్నంతో నిలబడిందన్నది నిజమే. అయితే స్లూయిజులకు తలుపులు కావాలి, లాకులకు గేట్లు కావాలి, వాటిని ఎత్తి దించడానికి మరలు కోసిన కడ్డీలు కావాలి. ప్రతి కడ్డీకీ సరిపోయే నట్ ఉండాలి. నీటిని మళ్లించిన చోటల్లా ఇనుము చెక్కే పని పుట్టింది. పాత ఆనకట్ట స్థానంలో 1970లలో కట్టడం మొదలుపెట్టిన కాటన్ బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. ఆ గేట్ల కింద నుంచి వచ్చే నీటితో పండిన ధాన్యం రైస్ మిల్లులను పెంచింది. మిల్లుల షాఫ్టులు, పుల్లీలు, బుష్‌లు ఊరూరా లేత్ షెడ్డులను పెంచాయి. క్రూడాయిల్ ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, ఎడ్లు పోయి ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాయి. తిరిగే వస్తువు ఎక్కువయ్యే కొద్దీ అరిగే వస్తువూ ఎక్కువైంది. అరిగినదాన్ని సరిచేసేది లేత్.

ఇప్పుడు ఈ అవసరం అన్నిటికన్నా ముందు కనిపించేది చెరువుల మీద. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్ల చక్రాలు అలంకారానికి కాదు. రాత్రంతా నీటిలోని జీవాలన్నీ ప్రాణవాయువును వాడుకుంటూనే ఉంటాయి, ఎండ లేనందున నాచు కొత్తగా దాన్ని తయారుచేయదు. అందువల్ల తెల్లవారుజామున ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ ఏరియేటర్ షాఫ్ట్ విరిగితే, గేర్‌బాక్సులో బుష్ కొట్టుకుపోతే, కొన్ని గంటల్లోనే చెరువు చెరువంతా పోవచ్చు. కంపెనీ విడిభాగం కొరియర్‌లో వచ్చేదాకా రొయ్య ఆగదు. విరిగిన ముక్కను గుడ్డలో చుట్టుకుని లేత్ షెడ్డుకు పరుగెత్తడమే రైతుకున్న దారి. దాళ్వా (రబీ వరి) కోతల్లో కోత మిషన్ షాఫ్ట్ అయినా, కాకినాడ తీరంలో మరబోటు ప్రొపెల్లర్ షాఫ్ట్ అయినా, కడియం నర్సరీలో పంపుసెట్టు అయినా ఇదే వరస. ఈ పనులకు డ్రాయింగ్ ఉండదు. విరిగిన ముక్కే నమూనా. చేయవలసింది ఒక్కటే, అదీ ఇప్పుడే. దూరాన ఎంత గొప్ప కర్మాగారమున్నా తీర్చలేని ఈ అవసరాన్ని ఊళ్లో ఉన్న ఆరడుగుల లేత్ తీరుస్తుంది. దాన్ని తూకానికి అమ్మేసినప్పుడు పోయేది ఒక్క యంత్రమే అనుకుంటాం. అక్కడికి నాలుగైదు మైళ్ల చుట్టూ ఉన్న రైతులకు రాత్రివేళ తలుపు తట్టే చోటు పోతుంది.

ఇక అసలు విషయానికి, అరుగుదలకు వద్దాం. పాత లేత్‌ను పనికిరాదనేవారు చూపించేది బెడ్, అంటే టూల్‌ను మోసే శాడిల్ జారే పోత ఇనుప పట్టాల దిమ్మె. చక్ దగ్గర వేలితో రాస్తే మెట్టులా తగులుతుంది. పనిలో ఎక్కువ భాగం చక్ పక్కనే జరుగుతుంది కాబట్టి శాడిల్ అక్కడే ఎక్కువ తిరిగి, బెడ్ అక్కడే ఎక్కువ అరుగుతుంది. అది చూసి ఇక కొలత రాదని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు కంటితో ఇచ్చేది కాదు, లెక్కతో ఇవ్వాలి. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న షాఫ్ట్‌ను చెక్కుతున్నప్పుడు, బెడ్ అరిగిన కారణంగా టూల్ నిట్టనిలువుగా 0.1 మిల్లీమీటరు కిందికి దిగిందనుకోండి. షాఫ్ట్ వ్యాసంలో దానివల్ల వచ్చే తేడా 0.0004 మిల్లీమీటరు. షెడ్డులో ఉండే మైక్రోమీటరుకు అది అందదు. అదే 0.1 మిల్లీమీటరు అడ్డంగా వెనక్కి జరిగితే మాత్రం వ్యాసంలో తేడా 0.2 మిల్లీమీటర్లు. అంటే ఎంత అరిగిందన్నదానికన్నా ఏ దిక్కుకు అరిగిందన్నదే ముఖ్యం. వి ఆకారపు పట్టా ఒకవైపే ఎక్కువ అరిగితే శాడిల్ పక్కకు ఒరుగుతుంది, నిలువు తేడాలో కొంత అడ్డానికి తిరుగుతుంది. అందుకే అరిగిన బెడ్లన్నీ మంచివని నేను అనడం లేదు. వేలికి తగిలిన మెట్టు ఒక్కటే చూసి యంత్రానికి ఉరిశిక్ష వేయకూడదంటున్నాను.

అరగని గుణం ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పోత ఇనుము అచ్చులో గట్టిపడేటప్పుడు పలుచని భాగం ముందు, మందమైన భాగం తర్వాత చల్లారుతుంది. దానివల్ల లోపల బిగువు మిగులుతుంది. ఆ బిగువు కాలక్రమాన సడలుతున్న కొద్దీ పోత సన్నగా వంగుతుంది. అందుకే పూర్వపు ఫౌండ్రీలు బెడ్లను పోతపోసి నెలల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట వదిలేసి, అప్పుడు మిషనింగ్‌కు తెచ్చేవి. యాభై ఏళ్లుగా ఒకే చోట నిలిచి పనిచేసిన బెడ్‌లో సడలవలసినదంతా దాదాపు సడలిపోయి ఉంటుంది. దాన్ని ఇప్పుడు సరిచేస్తే సరిచేసినట్టే నిలుస్తుంది. ధర తగ్గించడానికి బరువు తగ్గించి, హడావుడిగా పోసి, హడావుడిగా గ్రైండ్ చేసిన కొత్త చౌక లేత్‌కు ఆ నిలకడ ఉండదు. కర్ణాటకలోని హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ తయారుచేసిన లేత్‌లు, స్విట్జర్లాండ్‌కు చెందిన ఓర్లికన్ సహకారంతో 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ లేత్‌లు, పంజాబ్‌లోని బటాలా నుంచి వచ్చిన పేరులేని లేత్‌లు కూడా ఇప్పటికీ తిరుగుతున్నాయంటే ఆ బరువూ, ఆ నిలకడే కారణం. టన్ను బరువున్న అలాంటి యంత్రాన్ని కరిగించడానికి ఇండక్షన్ ఫర్నేస్‌లో 500 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. అంత కరెంటు తగలేసి, అరగని గుణాన్ని కూడా అరిగిన పైపొరతో పాటు కరిగించేస్తున్నాం.

డెల్టాకే ప్రత్యేకమైన ఇంకో సంగతి చెప్పాలి. మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద పలుచని సిమెంటు గచ్చు పోసి లేత్ నిలబెడితే ఏడాది తిరిగేసరికి ఒక కాలు కిందికి దిగుతుంది. నాలుగు కాళ్ల మంచం ఒక కాలు దిగితే కిర్రుమంటుంది, లేత్ మాత్రం చప్పుడు చేయదు. బెడ్ తాడులా సన్నగా మెలితిరుగుతుంది. అప్పటి నుంచి చెక్కిన షాఫ్ట్ ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా వస్తుంది. బెడ్ అరిగిందనుకుని యజమాని విసుగెత్తిపోతాడు. మీటరు పొడవులో 0.02 మిల్లీమీటరు తేడా చూపించే స్పిరిట్ లెవెల్‌ను బెడ్ మీద అడ్డంగా పెట్టి, ఆ చివరా ఈ చివరా చూస్తే మెలిక బయటపడుతుంది. కాళ్ల కింద రేకు ముక్కలు సర్ది సరిచేశాక, టెయిల్ స్టాక్ ఆసరా లేకుండా చక్‌లో ఒక లావుపాటి కడ్డీని పట్టి, 150 మిల్లీమీటర్ల ఎడంతో రెండు చోట్ల సన్నటి పొర చెక్కి, రెంటినీ మైక్రోమీటరుతో కొలిస్తే నిజం తేలిపోతుంది. అరిగిందని పక్కన పడేసిన లేత్‌లలో అసలు జబ్బు నేలది అయినవి ఎన్నో ఉంటాయని నా నమ్మకం. లోతుగా కాంక్రీటు దిమ్మె వేసి నిలబెట్టడం బాగుచేతలో మొదటి మెట్టు. అది మేస్త్రి పని, మెకానిక్ పని కాదు.

ఆ తర్వాత వరస తప్పకూడదు. ముందు కడుగుడు, కొలతలు. తర్వాత హెడ్‌స్టాక్ స్పిండిల్ ఊగుతోందా లేదా చూడటం. రోలర్ బేరింగులైతే బజారులో దొరికే సైజులే ఎక్కువగా ఉంటాయి, పాత గన్‌మెటల్ బుష్‌లైతే కొత్తవి చెక్కి బిగించుకోవచ్చు. క్రాస్ స్లైడ్ చక్రం తిప్పినా టూల్ కదలకుండా పావు చుట్టు వృథాగా పోతోందంటే నట్ అరిగిందని అర్థం. కొత్త గన్‌మెటల్ నట్‌ను ఇదే లేత్ మీద చెక్కుకోవాలి, విప్పడానికి ముందే. తన విడిభాగాన్ని తానే చేసుకోగలగడం ఈ యంత్రానికున్న వరం, తయారీ కంపెనీ మూతబడినా బతకగలగడం దానివల్లే. జారుడు పట్టాలను నీలిరంగు పూసి, సరళరేఖ పట్టీతో రుద్ది, రంగు అంటిన మిట్టలను స్క్రేపర్‌తో గీకి సరిచేయడం అన్నిటికన్నా ఓపిక పని. వారాలు పడుతుంది. వెంట్రుక మందంలో పదోవంతును చేత్తో గీకే ఈ విద్య తెలిసినవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు, నా బెంగంతా వాళ్ల గురించే.

ఇవన్నీ అయ్యాకే కొత్త హంగులు. మామూలుగా జరుగుతున్నది దీనికి తలకిందులు, ముందు రంగు వేసి డిజిటల్ డిస్‌ప్లే పెట్టేస్తున్నారు. ఊగే స్పిండిల్‌కు 5 మైక్రాన్ల రీడింగు పెడితే ఊగుడు తగ్గదు, తప్పు అంకెల్లో కనబడుతుందంతే. వరస ప్రకారం చేస్తే మాత్రం ఇవాళ్టి పరికరాలు ఇంటి లేత్‌కు నిజంగా కొత్త ప్రాణం పోస్తాయి. ఇంట్లో ఉండేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. లేత్ మోటారు చాలాసార్లు త్రీ ఫేజ్. ఒకటి రెండు హార్స్‌పవర్ మోటారుకు వీఎఫ్‌డీ పెట్టెను బిగిస్తే సింగిల్ ఫేజ్ నుంచే త్రీ ఫేజ్ తయారవుతుంది, వేగం నాబ్ తిప్పి మార్చుకోవచ్చు. అయితే తక్కువ వేగంలో మోటారు శక్తి తగ్గుతుంది కాబట్టి బెల్టు పుల్లీలనూ, బ్యాక్ గేర్‌నూ తీసేయకూడదు. పాత లేత్‌లలో చక్ మర తిప్పి బిగించినదైతే, వీఎఫ్‌డీతో ఒక్కసారిగా బ్రేకు వేసినా రివర్స్ తిప్పినా చక్ ఊడి బయటకు రావచ్చు. ఇక అంగుళాల లీడ్ స్క్రూ ఉన్న పాత విలాయతీ లేత్ మీద మెట్రిక్ మరలు కోయలేమనే మాట ఒకటుంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 5తో గుణిస్తే 127. 127 పళ్ల గేరు ఒకటి చేయించి మార్పిడి గేర్లలో కలిపితే మెట్రిక్ మర ఖచ్చితంగా వస్తుంది. వందేళ్ల నాటి ఈ ఉపాయానికి ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు.

కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాల కాలంలో ఈ చాదస్తం ఎందుకని అడిగేవారున్నారు. ఒకే రకం భాగం వందలు, వేలు చేయాలంటే సీఎన్‌సీకి సాటి లేదు, డెల్టాలో అవీ రావాలి. కానీ విరిగిన ఒక్క షాఫ్ట్‌కు కొలతలు తీసి, ప్రోగ్రాం రాసి, టూల్ సెట్ చేసేసరికి మామూలు లేత్ మీద చేయి తిరిగిన టర్నర్ పని ముగించి చేతులు కడుక్కుంటాడు. పైగా సీఎన్‌సీ నడిపేవాడికి కూడా ఏ లోహం ఎలా తెగుతుందో, టూల్ ఎప్పుడు అరుస్తుందో చేతికీ చెవికీ తెలిసి ఉండాలి. ఆ చదువు మామూలు లేత్ దగ్గరే అబ్బుతుంది. కాకినాడ నుంచి భీమవరం దాకా ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్న చోట, మెకానికల్ పట్టా పుచ్చుకున్న కుర్రాడికి ఒక పాత యంత్రాన్ని పూర్తిగా విప్పి, కొలిచి, మళ్లీ బిగించే అవకాశం నాలుగేళ్లలో ఒక్కసారైనా దొరకాలి కదా. మరో అభ్యంతరం కూలి గురించి: నెలల శ్రమను లెక్కగడితే కొత్తదే చౌక అంటారు. బయట కూలిచ్చి మొత్తం చేయిస్తే ఆ మాట నిజమే కావచ్చు. పని తక్కువగా ఉన్న రోజుల్లో సొంతదారే చేసుకుంటే లెక్క మారుతుంది, బాగుచేసే క్రమంలో యంత్రం గుట్టంతా అతనికి తెలుస్తుంది. రేపు చెడినప్పుడు ఎవరి కోసమూ ఎదురుచూడడు. అలాగని ప్రతి పాత లేత్‌నూ బతికించాలని పట్టుబట్టను. బెడ్ పగిలినా, హెడ్‌స్టాక్ పోత చీలినా, మెలిక సరిచేశాక కూడా వంపు పోకపోయినా కాటాకు పంపడమే న్యాయం.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే అభ్యంతరం భద్రత. పాత లేత్‌లకు గేర్ల మీద మూత ఉండదు, చేయి చాచగానే అందే ఎర్ర బటన్ ఉండదు. మామూలు స్విచ్‌తో నడిచే యంత్రం కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, అప్పటికి ఎవరి చేయి ఎక్కడుంటుందో తెలియదు. లుంగీ అంచు, మెడలో తువ్వాలు, చేతికి తొడిగిన గ్లౌజు, ఏది చక్‌కు చిక్కినా మనిషిని లాగేస్తుంది. ఇంటి షెడ్డు కాబట్టి పిల్లలు తిరుగుతారు. వీటికి జవాబు పాత లేత్‌ను వదిలేయడం కాదు, బాగుచేత అన్న మాటలో భద్రతను ముందుగా చేర్చడం. కరెంటు పోతే తెగిపోయి, మళ్లీ బటన్ నొక్కితే తప్ప మొదలుకాని స్టార్టర్, ఎమర్జెన్సీ స్టాప్, గేర్ల మీద రేకు మూత, చక్ మీద కవచం, సరైన ఎర్తింగ్, షెడ్డు తలుపుకు తాళం, ఇవి లేకుండా లేత్ బాగుపడినట్టు లెక్క వేయకూడదు. తుప్పు వదిలించడానికి చాకలి సోడా నీళ్లలో కరెంటు పంపే పద్ధతి వాడేవారు అందులో స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వేలాడదీయకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, దాన్ని పొడిగా గీకి దుమ్ము పీల్చకూడదు. ఈ మాటలు చెప్పేవారు లేకపోవడమే అసలు ప్రమాదం.

చెప్పేవారు ఎవరన్నదే ప్రభుత్వం చూడవలసిన విషయం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, పడవలు చేసేవాడు, వలలు అల్లేవాడు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు దొరుకుతుంది. లేత్ టర్నర్ మాత్రం ఆ జాబితాలో లేడు. ఈ పడవకూ ఆ కమ్మరి కొలిమికీ కావలసిన షాఫ్ట్ చెక్కేది అతనే అయినా. 2022 జూలైలో కేంద్రం మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, మొదటి నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. కంపెనీ విడిభాగాలు ఇవ్వాలి, మాన్యువల్ ఇవ్వాలి అంటున్నాం, మంచిదే. దగ్గర్లో లేత్ లేని రైతుకు ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. పాత లేత్ బాగుచేతకు అయ్యే మోటారు, వీఎఫ్‌డీ, బేరింగులు, భద్రతా సామగ్రి ఖర్చును కొత్త యంత్రం కొన్నట్టే లెక్కగట్టి అప్పివ్వడానికి బ్యాంకులు ముందుకు రావాలి. కొలిచి ధ్రువీకరించిన లేత్‌ను తూకపు ఇనుముగా కాక ఆస్తిగా చూడాలి.

ఆ కొలిచే పని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు చేయాలి. సన్నటి తేడా చూపించే స్పిరిట్ లెవెల్, టెస్ట్ మాండ్రెల్, డయల్ గేజ్ అన్నీ చిన్న షెడ్డు కొనుక్కోలేదు, నిజానికి ఏడాదికి ఒకసారి తప్ప దానికి అవసరమూ లేదు. అవి ఉండవలసింది టర్నర్, ఫిట్టర్ ట్రేడులు చెప్పే చోట. డెల్టాలో ప్రతి ఏటా దాళ్వా నీరు అయిపోగానే కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, లాకులకూ గేట్లకూ మరమ్మతులు చేస్తారు, సార్వాకు (ఖరీఫ్ వరికి) నీరు వదిలేలోగా ముగిస్తారు. పెట్టి వదిలేయకుండా ఏటా ఆపి సరిచూసుకునే అలవాటు ఈ నేలకు ఇంతకుముందే ఉంది. కాలువలు కట్టేసి ఉండే ఆ రోజుల్లోనే ఒక ఇన్‌స్ట్రక్టరు, నలుగురు విద్యార్థులు కొలత పరికరాల పెట్టెతో మండలంలోని లేత్ షెడ్డులకు వెళ్లి, ఒక్కో బెడ్‌ను కొలిచి, మెలిక ఎంత, అరుగుదల ఎటు, ఏది ముందు సరిచేయాలి అని ఒక కాగితం రాసి యజమాని చేతికివ్వాలి. స్క్రేపింగ్ తెలిసిన పెద్ద ఫిట్టర్లకు రోజుకూలి కట్టి వెంట తీసుకెళ్లాలి. వచ్చే వేసవిలో కాలువలు కట్టేనాటికి కనీసం ఒక్క మండలంలో, ఆచంటలోనో మండపేటలోనో, ఇది మొదలుకావాలి.